బడిలో న్యాయం కోసం పిల్లలే ముందుండి నడిచేదెలా: అమెరికాలోని తెలుగు విద్యార్థులకు ఒక ఆచరణ మార్గం

1951 ఏప్రిల్ 23న వర్జీనియా రాష్ట్రంలోని ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల నల్లజాతి బాలిక తన హైస్కూల్ విద్యార్థులను సమ్మెకు నడిపించింది. గదులు చాలక తారు కాగితం కప్పిన కొట్టాల్లో పాఠాలు చెప్పే ఆ బడికి సరైన భవనం కావాలన్నది వారి తొలి కోరిక. ఆ సమ్మె వెంట నడిచిన దావా మరికొన్ని దావాలతో కలిసి సుప్రీంకోర్టుకు చేరింది. బడుల్లో వర్ణం పేరిట పిల్లలను వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమన్న 1954 నాటి తీర్పు అలా వచ్చింది. 1965లో అమెరికా వలస చట్టం నుంచి దేశాలవారీ కోటాలు తొలగిపోవడానికి కూడా పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన మార్పే దారి వేసింది. ఆ చట్టం మారకపోయి ఉంటే ఎడిసన్‌లో, ఫ్రిస్కోలో, ఫ్రీమాంట్‌లో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉండేవే కావు.

అందుకే ఈ పని మనది కాదని అనుకోవడానికి వీల్లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వ్యాసం అమెరికా హైస్కూళ్లలో చదివే తెలుగు విద్యార్థుల కోసం రాస్తున్నాను. తెలుగు చదవడం రానివారికి అమ్మానాన్నలు చదివి వినిపించవచ్చు, అలా చదివితే వారికి కూడా కొన్ని సంగతులు తెలుస్తాయి. అన్ని అడుగులకూ మూలమైన మాట ఒకటి ముందే చెబుతాను. ఏం అడగాలో దెబ్బ తిన్న విద్యార్థులే నిర్ణయించాలి, ఆ కోరిక ఎవరి చేతిలో తీరుతుందో వారి ముందు పెట్టగలిగినంత స్పష్టంగా ఉండాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా ఎంత ఉత్సాహం ఉన్నా పని ముందుకు సాగదు.

ముందు వినండి

పోస్టర్లతోనో ఇన్‌స్టాగ్రామ్ పేజీతోనో మొదలుపెట్టకండి. మొదటి నెల పూర్తిగా వినడానికే కేటాయించండి. ఒక్కొక్కరితో విడిగా, అరగంట చొప్పున, లంచ్ సమయంలోనో బడి ముగిశాకనో కూర్చోండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) క్లాసుల్లో మీ పక్కన కూర్చునే స్నేహితులతో మాట్లాడితే సరిపోదు, ఎందుకంటే ఆ క్లాసుల్లోనే నాలుగేళ్లు గడిపిన విద్యార్థికి తన బడిలో సస్పెన్షన్ అనేది ఎలా జరుగుతుందో కంటపడకపోవచ్చు. వైస్ ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద తరచుగా కనిపించేవారిని, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్నవారిని, ప్రత్యేక విద్య తరగతుల్లో ఉన్నవారిని కలవండి. మూడు ప్రశ్నలు చాలు. ఈ బడిలో నీకు అవమానంగా అనిపించిన సందర్భం ఏది? అప్పుడు నువ్వు ఎవరి దగ్గరికి వెళ్లావు, ఎవరి దగ్గరికీ వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు? నీ తమ్ముడో చెల్లెలో ఇక్కడ చేరేనాటికి ఏం మారి ఉండాలి? అడిగాక మధ్యలో అడ్డు రాకుండా వినండి. ఫోన్‌లో రికార్డు చేయవద్దు. అనుమతి తీసుకుని, పేరు లేకుండా, ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకోండి.

ఇలా పాతికమందితో మాట్లాడితే ఒకే రకమైన అనుభవాలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. అప్పుడు వారిలో పది పన్నెండు మందిని ఒక వలయ సమావేశానికి పిలవండి. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో పౌరహక్కుల న్యాయవాది ఫానియా డేవిస్ 2005లో స్థాపించిన సంస్థ బడుల్లోకి తెచ్చిన పద్ధతి ఇదే. తప్పు చేసిన విద్యార్థిని బయటికి పంపేయడానికి బదులు, నష్టపోయినవారిని, నష్టం చేసినవారిని, చుట్టూ ఉన్నవారిని కూర్చోబెట్టి, జరిగినదాన్ని ఎలా సరిదిద్దాలో తేల్చుకునే ఈ విధానం తర్వాత ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) విధానంగా మారింది. మీరు చేయవలసిన ఏర్పాటు తేలికైనదే. మధ్యలో బల్ల లేకుండా కుర్చీలు గుండ్రంగా వేయండి. చేతిలో పట్టుకోవడానికి వీలైన ఒక వస్తువు తీసుకోండి, రాయి కావచ్చు, చెక్కబొమ్మ కావచ్చు. అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడతారు, మాట్లాడటం ఇష్టం లేనివారు పక్కవారికి అందిస్తారు. ఒకరి అనుభవాన్ని వారి అనుమతి లేకుండా బయట చెప్పకూడదన్న నియమాన్ని అందరి చేతా మొదట్లోనే ఒప్పించండి. తినడానికి ఏదైనా తప్పకుండా పెట్టండి, ఆకలితో ఉన్నవాళ్లు సాయంత్రం నాలుగు గంటలకు ఎవరి గోడూ వినలేరు.

ఎవరైనా తమను తాము గాయపరచుకునే ఆలోచన చెప్పినా, ఇంట్లో హింస గురించి చెప్పినా, ఆ బరువును మీరు ఒక్కరే మోయకూడదు. నమ్మకమైన కౌన్సెలర్‌కు అదే రోజు చెప్పండి. 988 నంబరుకు ఫోన్ చేసినా మెసేజ్ పంపినా ఏ వేళలోనైనా సాయం దొరుకుతుందని ఆ విద్యార్థికి చెప్పండి. ఉపాధ్యాయులకు అలాంటి సంగతులను అధికారులకు తెలపవలసిన చట్టబద్ధ బాధ్యత ఉంటుందని సమావేశం మొదట్లోనే అందరికీ తెలియజేయడం న్యాయం.

ఇంట్లో మాట్లాడండి

తెలుగు ఇళ్లలో ఈ పని సంగతి ఎత్తగానే వచ్చే మాటలు ఇంచుమించు ఒకటే. మనకెందుకీ గొడవలు, నీ చదువు నువ్వు చూసుకో, ఆ ఏరియా మంచిది కాదు వెళ్లకు. వీటికి కోపంతో జవాబు చెబితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. వెబ్‌సైట్లలో పదికి పది రేటింగ్ ఉన్న బడి కోసం వెతికి, అప్పు చేసి, ఆ హద్దుల్లోనే ఇల్లు కొన్న తల్లిదండ్రుల భయం నిజమైన భయమే. అయితే ఆ రేటింగులు చాలావరకు పరీక్ష మార్కుల మీద ఆధారపడినవని, కారిడార్లలో పిల్లలు ఒకరినొకరు ఏమంటున్నారో అవి చెప్పవని వారికి వివరించండి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో తెలుగు ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను జాతి ద్వేషంతో కాల్చి చంపినవాడు ఆయన ఉద్యోగమో, వీసానో, ఇంటి విలువో చూసి ఆగలేదు. ఒక వర్గాన్ని మనుషులుగా చూడని వాతావరణం ఏదో ఒక రోజు మన గుమ్మం దాకా వస్తుంది.

నాన్ననో బాబాయినో మరో ప్రశ్న అడగవచ్చు. మీరు చదువుకున్న హాస్టల్లో ఎవరు ఎవరితో కలిసి భోంచేసేవారు, ఎవరు ఏ గదిలో ఉండేవారు, ఎందుకు? కులం పేరిట జరిగిన వేరుచేత గురించి మన పెద్దలకు తెలియనిది లేదు, దాని ఏ వైపున నిలబడ్డారన్నది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది. కుల వివక్ష, అమెరికాలోని జాతి వివక్ష ఒకటేనని వాదించనక్కర్లేదు. పుట్టుకను బట్టి ఒక పిల్లవాడిని అనుమానించడం ఎలా పనిచేస్తుందో వారికి స్వానుభవం నుంచే గుర్తుకు వస్తే చాలు. మన ఇళ్లలో నల్లజాతివారి గురించి అలవాటుగా దొర్లే మాటల గురించి కూడా ఆ సందర్భంలోనే మాట్లాడండి. అది మాట్లాడకుండా బయటికి వెళ్లి నల్లజాతి సహ విద్యార్థుల పక్కన నిలబడితే, ఆ నిలబడటంలో నిజాయితీ ఉండదు.

లెక్కలు సేకరించండి

విన్నదానికి అంకెల బలం కావాలి. అమెరికా విద్యాశాఖ పౌరహక్కుల విభాగం దేశంలోని ప్రభుత్వ బడులన్నింటి నుంచి సమాచారం సేకరించి ప్రచురిస్తుంది. 2017-18 విద్యా సంవత్సరంలో నల్లజాతి పిల్లలు మొత్తం విద్యార్థుల్లో దాదాపు 15 శాతం ఉంటే, బడి నుంచి బయటికి పంపే సస్పెన్షన్లు పొందినవారిలో దాదాపు 38 శాతం వారే. మీ బడి పేరు వెతికి మీ లెక్క మీరు తీయండి. కాలిఫోర్నియాలో ఉన్నవారికి రాష్ట్ర విద్యాశాఖ నడిపే డేటాక్వెస్ట్‌లో ఏ కారణానికి ఎవరిని ఎన్నిసార్లు సస్పెండ్ చేశారో జాతివారీగా దొరుకుతుంది. మొత్తం సంఖ్యలు పోల్చకండి, ప్రతి వర్గంలో నూటికి ఎంతమందో లెక్కగట్టి పోల్చండి. మాట వినలేదు, ఎదురు చెప్పాడు వంటి కారణాల కింద నమోదైన సస్పెన్షన్లను విడిగా చూడండి, ఎందుకంటే తీర్పు చెప్పేవారి మనసులోని అనుమానం ఎక్కువగా దూరేది ఇలాంటి అస్పష్టమైన కారణాల్లోనే. కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టం ప్రకారం 2024 జులై 1 నుంచి హైస్కూల్ వరకు ఏ తరగతిలోనూ కేవలం ఈ కారణంతో విద్యార్థిని ప్రిన్సిపాల్ సస్పెండ్ చేయకూడదు. మీ బడిలో అదే శిక్ష ఇంకో పేరుతో కొనసాగుతోందా అన్నది మీరు పట్టుకోవలసిన సంగతి.

వెబ్‌సైట్లలో లేనిది బహిరంగ సమాచార చట్టం కింద అడగవచ్చు. భారతదేశంలో సమాచార హక్కు చట్టం తెలిసినవారికి ఇది కొత్త కాదు. డిస్ట్రిక్ట్‌కు, పోలీసు శాఖకు మధ్య కుదిరిన ఒప్పంద పత్రం, దానికి ఏటా అయ్యే ఖర్చు, బడిలోని కౌన్సెలర్ల సంఖ్య అడగండి. ఉత్తరం చిన్నదిగా, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకో స్పష్టంగా ఉండాలి. కౌన్సెలర్ల విషయంలో అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెప్పే కొలత ఒక్కొక్కరికి 250 మంది విద్యార్థులు. మీ బడిలో 1,800 మంది విద్యార్థులు, నలుగురు కౌన్సెలర్లు ఉన్నారనుకోండి, ఒక్కొక్కరి మీద 450 మంది పడుతున్నారు. డిస్ట్రిక్ట్ నిర్ణయాలు చేసే స్కూల్ బోర్డు సభ్యులు ఈ ఒక్క వాక్యాన్ని మరిచిపోలేరు.

కోరికను ఒక వాక్యంలోకి తెండి

జాతి వివక్ష పోవాలి అన్నది ఆశయం, దానిమీద ఎవరూ ఓటు వేయలేరు. ఓటు వేయగలిగిన కోరిక ఇలా ఉంటుంది: వచ్చే విద్యా సంవత్సరపు బడ్జెట్‌లో మా హైస్కూల్‌కు ఇద్దరు అదనపు కౌన్సెలర్లను మంజూరు చేయాలి, వారిలో ఒకరైనా స్పానిష్ మాట్లాడేవారై ఉండాలి, సస్పెన్షన్ల వివరాలను ప్రతి సెమిస్టర్ చివర జాతివారీగా బోర్డు సమావేశంలో ప్రకటించాలి. వలయ సమావేశంలో కూర్చున్నవారికి ఈ వాక్యం చదివి వినిపించి, ఇది జరిగితే నీకు జరిగింది ఆగేదా అని అడగండి. ఆగేది కాదు అంటే కోరికను మార్చండి, ఎంత కష్టపడి రాసినదైనా సరే.

తర్వాత ఆ కోరిక తీర్చే అధికారం ఎవరిదో తెలుసుకోండి. బాత్రూమ్ పాసుల నియమాలు, వలయ సమావేశాలకు గది ఇవ్వడం వంటివి ప్రిన్సిపాల్ చేతిలో ఉంటాయి. బడ్జెట్, పోలీసు ఒప్పందం, క్రమశిక్షణ నియమావళి స్కూల్ బోర్డు ఓటుతో మారతాయి. కొన్ని రాష్ట్ర శాసనసభ దాకా వెళ్తేనే తీరతాయి. షికాగోలో వాయిస్ అనే విద్యార్థుల వేదిక ఏళ్ల తరబడి పనిచేసి ఇల్లినాయ్‌లో సాధించిన చట్టం 2015లో సంతకమై 2016 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. కారణం చూడకుండా ఒకే శిక్ష వేసే విధానాలను అది నిషేధించింది, మూడు రోజులకు మించిన సస్పెన్షన్‌కు ముందు ఇతర మార్గాలన్నీ ప్రయత్నించాలని నిర్దేశించింది. మీ లక్ష్యం బోర్డు అయితే సభ్యుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఎవరు మనవైపు, ఎవరు కాదు, ఎవరు తేల్చుకోలేదు, ఎవరి మాట ఎవరు వింటారు అన్నవి పక్కన రాసుకోండి. తేల్చుకోనివారి మీదే మీ సమయం ఎక్కువ పెట్టండి. కాలిఫోర్నియా డిస్ట్రిక్టులు జులై 1లోగా బడ్జెట్ ఆమోదించాలి కాబట్టి మే నెలలో నిద్ర లేస్తే అప్పటికే డబ్బు పంపకం అయిపోయి ఉంటుంది. జనవరిలోనే సభ్యులను కలవడం మొదలుపెట్టండి.

ఎవరితో కలిసి నడవాలి

ఈ భాగం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఫిలడెల్ఫియా గుర్తుకు వస్తుంది. 2009 డిసెంబరు 3న సౌత్ ఫిలడెల్ఫియా హైస్కూల్‌లో ఆసియా వలస కుటుంబాల విద్యార్థుల మీద రోజంతా దాడులు జరిగాయి. దాడి చేసినవారిలో ఎక్కువమంది నల్లజాతి విద్యార్థులు. దాదాపు యాభైమంది ఆసియా విద్యార్థులు ఎనిమిది రోజులు బడిని బహిష్కరించారు. ఫలానా జాతివాళ్లను బయటికి పంపండి అని వారు సులభంగా అనగలిగేవారు, చుట్టూ ఉన్న చాలామంది అదే ఆశించారు. వారు అలా అనలేదు. ఏడాది తరబడి ఫిర్యాదులు చేసినా పట్టించుకోని బడి యాజమాన్యమే బాధ్యత వహించాలని, బడి అందరికీ సురక్షితంగా ఉండాలని అడిగారు. కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి, 2010 డిసెంబరులో డిస్ట్రిక్ట్‌తో ఒప్పందం కుదిర్చింది. వేళ్లు ఎటు చూపాలో ఆ పిల్లలకు తెలిసినంత స్పష్టంగా పెద్దవాళ్లకు కూడా తెలియదు.

కాబట్టి మీ బడిలో నల్లజాతి విద్యార్థుల సంఘం ఉంటే, మీ కోరికల పత్రం పట్టుకుని సంతకాల కోసం వెళ్లకండి. ముందు వారి సమావేశాలకు రెండు మూడు సార్లు వెళ్లి కూర్చోండి, వారి కార్యక్రమానికి కుర్చీలు వేయండి, వారు ఇప్పటికే ఏ పోరాటంలో ఉన్నారో తెలుసుకోండి. చాలాసార్లు మీరు కొత్తగా మొదలుపెట్టాలనుకున్నది వారు ఏళ్లుగా చేస్తూనే ఉంటారు. అప్పుడు కొత్త సంఘం పెట్టడం కన్నా అందులో చేరడమే మంచిది. మన చరిత్ర పాఠ్యాంశాల్లో ఉండాలన్న కోరిక కూడా న్యాయమైనదే. ఆసియా అమెరికన్ల చరిత్ర బోధించడాన్ని ఇల్లినాయ్ 2021లో, న్యూజెర్సీ 2022 జనవరిలో చట్టబద్ధం చేశాయి. అది మన కోరిక అయినప్పుడు నల్లజాతి చరిత్ర మీద పడుతున్న ఆంక్షల గురించి మౌనంగా ఉండకూడదు.

బోర్డు ముందు రెండు నిమిషాలు

కాలిఫోర్నియాలో సాధారణ సమావేశపు అజెండాను 72 గంటల ముందు బయట పెట్టాలి. మీ రాష్ట్రంలో నియమం వేరుగా ఉండవచ్చు, డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మాట్లాడదలచినవారు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు, జనం ఎక్కువైతే ఒక నిమిషానికి తగ్గిస్తారు. అందుకే ఒకే ప్రసంగాన్ని రెండు కొలతల్లో రాసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని స్నేహితుల ముందు చదవండి. ఒక నమూనా చూడండి:

నా పేరు ఇది, నేను పదకొండో తరగతి చదువుతున్నాను. పోయిన అక్టోబరులో నా స్నేహితురాలు తండ్రిని కోల్పోయి వారం తర్వాత బడికి వచ్చింది. కౌన్సెలర్‌ను కలవడానికి పేరు రాయించుకుంటే పిలుపు పదకొండు రోజుల తర్వాత వచ్చింది. ఈలోగా క్లాసులో ఏడ్చి బయటికి నడిచినందుకు ఆమెను సస్పెండ్ చేశారు. మా బడిలో ఒక కౌన్సెలర్‌కు 450 మంది విద్యార్థులు ఉన్నారు. వచ్చే బడ్జెట్‌లో ఇద్దరిని మంజూరు చేయండి.

ఇందులో ఉన్నది ఒక మనిషి, ఒక అంకె, ఒక కోరిక, అంతకు మించి అవసరం లేదు. మరొకరి అనుభవాన్ని చెప్పే ముందు వారి అనుమతి తీసుకోండి, గుర్తుపట్టే వివరాలు మార్చండి. కాలిఫోర్నియాలో అజెండాలో లేని విషయం మీద బోర్డు సభ్యులు చర్చించడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి మీరు మాట్లాడాక వారు ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటే నిరాశపడకండి. అసలు సంభాషణ ఆ వారంలో ముగ్గురు నలుగురు విద్యార్థులు కలిసి ఒక్కో సభ్యుడిని విడిగా కలిసినప్పుడు జరగాలి.

ఇవేవీ ఫలించనప్పుడు కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేసే మార్గం ఉంది. 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం జాతి, వర్ణం, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది, ఘటన జరిగిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. ఆ విభాగపు సిబ్బందిని 2025లో భారీగా తగ్గించారు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకుండా, రాష్ట్ర స్థాయిలో ఉన్న ఫిర్యాదు మార్గాలను కూడా వాడుకోండి.

క్లాసు విడిచి బయటికి నడవాలనుకుంటే

1969లో టింకర్ కేసులో సుప్రీంకోర్టు బడిలో కూడా విద్యార్థులకు భావప్రకటన హక్కు ఉంటుందని చెప్పింది. ఆ కేసుకు కారణం వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ పిల్లలు చేతికి కట్టుకున్న నల్లపట్టీలు. అయితే చదువుకు ఆటంకం కలిగించే నిరసనకు ఆ రక్షణ వర్తించదు. క్లాసు మానేసినందుకు మామూలుగా వేసే శిక్ష వేయవచ్చు, నిరసన కోసం మానేశారని అంతకన్నా పెద్ద శిక్ష వేయకూడదు. 2023 నుంచి కాలిఫోర్నియాలో మిడిల్ స్కూల్, హైస్కూల్ విద్యార్థులు ఏడాదికి ఒక రోజు పౌర కార్యక్రమం కోసం, ముందుగా తెలిపి, సెలవు తీసుకోవచ్చు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఏడో తరగతి నుంచి ఇలాంటి వెసులుబాటు ఉంది.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద ఉన్న విద్యార్థుల విషయంలో ఎంత జాగ్రత్త ఉన్నా ఎక్కువ కాదు. అరెస్టుకు దారితీసే అవకాశం ఉన్న ఏ పనిలోనూ వారిని ముందు నిలపకండి, నిరసనకు ముందే ఇమిగ్రేషన్ న్యాయవాది సలహా తీసుకోండి. ఎవరి వీసా ఏమిటో అందరి ముందు అడగకండి. లెక్కలు తీయడం, ప్రసంగాలు రాయడం, సమావేశ ఏర్పాట్లు చూడటం వంటి పనులు ఎవరైనా ఎంచుకోగలిగేలా ముందే పంచండి. ముఖాలు కనిపించే ఫోటోలను అనుమతి లేకుండా పెట్టవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. కారు నడపండి, వంట చేసి పంపండి, లైబ్రరీ గదిని మీ పేరు మీద బుక్ చేయండి, బోర్డు సమావేశం రాత్రి పది దాటితే వెనక వరుసలో కూర్చుని ఉండండి. మైకు మాత్రం పిల్లల చేతిలోనే ఉంచండి. వారు తడబడినా సరే, వారి మాటను మీరు పూర్తి చేయకండి.

ఓటు గెలిచిన తర్వాత

ఓక్‌లాండ్ డిస్ట్రిక్ట్‌కు ఒకప్పుడు సొంత పోలీసు శాఖ ఉండేది. 2011 జనవరిలో ఆ శాఖ అధికారి కాల్పుల్లో రహీమ్ బ్రౌన్ అనే యువకుడు చనిపోయాడు. బ్లాక్ ఆర్గనైజింగ్ ప్రాజెక్ట్ అనే స్థానిక సంస్థ, విద్యార్థులు, తల్లిదండ్రులు తొమ్మిదేళ్లకు పైగా పట్టు వదలకుండా పనిచేశాక, 2020 జూన్ 24న బోర్డు, అంతకు ముందు నెలలో పోలీసు అధికారి చేతిలో చనిపోయిన నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ పేరిట తీర్మానం చేసి ఆ శాఖను రద్దు చేసింది. అదే నెలలో డెన్వర్ బోర్డు కూడా బడుల నుంచి పోలీసులను ఏకగ్రీవంగా తొలగించింది. కాని 2023 మార్చిలో డెన్వర్‌లోని ఈస్ట్ హైస్కూల్‌లో ఇద్దరు సిబ్బందిపై కాల్పులు జరిగాక, ఆ జూన్‌లో అక్కడి బోర్డు నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ భయాన్ని తేలికగా తీసేయడం తగదు, తమ పిల్లల ప్రాణాల కోసం భయపడిన తల్లిదండ్రులను శత్రువులుగా చూడటం అంతకన్నా తగదు. ఏదైనా తీసేయమని అడిగేటప్పుడు దాని స్థానంలో ఏం రావాలో, దానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో, ప్రమాదం జరిగిన రోజు ఎవరు ఏం చేస్తారో తీర్మానంలోనే రాయించండి.

ఓటు పడిన మర్నాటి నుంచి ఒక చిన్న బృందం అమలును చూడాలి. కొత్త కౌన్సెలర్లు నిజంగా చేరారా, చేరినవారిని పరీక్షల పర్యవేక్షణకు మళ్లించారా, సెమిస్టర్ నివేదిక వచ్చిందా అన్నది తేదీలతో రాసి పెట్టండి. పన్నెండో తరగతి వాళ్లు వెళ్లిపోతే ఏ విద్యార్థి సంఘమైనా చతికిలబడుతుంది కాబట్టి ప్రతి పనికీ తొమ్మిదో, పదో తరగతి నుంచి ఒకరిని జతచేసి పెట్టండి. మే నెల మొదటి వారంలో వారికి అప్పగించవలసినవి ఇవి: బోర్డు సభ్యుల పట్టిక, సమాచార అభ్యర్థనలకు వచ్చిన జవాబులు, తీర్మానం ప్రతి, ప్రసంగాల కాగితాలు, మిత్ర సంఘాల ఫోన్ నంబర్లు, ఖాతాల పాస్‌వర్డులు, లైబ్రరీ గది ఎవరి పేరు మీద దొరుకుతుందో ఆ వివరం. వేసవి సెలవుల్లో కనీసం ఒకసారి పాతవారు, కొత్తవారు కలిసి కూర్చుని, ఆగస్టులో జరిగే మొదటి బోర్డు సమావేశానికి ఎవరు వెళ్తారో ఆ రోజే తేల్చుకోండి.